నీళ్ల వంతు

ఆ రోజు ఇంట్లో నలుగురే ఉన్నారు. మంచం మీద నాగమణమ్మ, ఆమె పెద్దకొడుకు పురుషోత్తం, అతడు పిలిపించిన ఇంజినీరు వివేక్, వంటింటి గుమ్మానికి ఆనుకుని మనవరాలు అనూహ్య. ఇంటర్ చదవడానికి మొన్ననే ఊరి నుంచి ఉప్పుగూడ వచ్చిన ఆ పిల్లకు నలుగురిలో మాట గొంతు దాటదు.

నడుమ బల్ల మీద అట్టముక్కలతో చేసిన ఊరుంది. చిన్న చిన్న ఇళ్లు, వాటి చుట్టూ పొలాలు, పశువుల కొట్టం, పేడగ్యాసు తొట్టి, మధ్యలో నీలం రంగు బావి. సొంతూళ్లోని భూమిలో అచ్చంగా అలాంటి పల్లె కట్టాలని, పండించేవాళ్లే అందులో ఉండాలని వాళ్ల ఆలోచన.

"బావిల సగం ఎదురింటామెది. ఆమె ఒప్పుకోకుంటే ఏం లేదు," అన్నాడు వివేక్. "పొద్దుగాల పోతే మంచిగ చాయ్ తాగిపిచ్చింది. బావి మాటెత్తంగనే లేచి పొమ్మన్నది."

"ఇగ నాతోని కాదు. ప్లాట్లు చేసెటోళ్లకు రేపే మాటిస్త," అన్నాడు పురుషోత్తం.

అనూహ్య బల్ల మీది నీలం బావి వైపు చూసింది. ఎండిన మడిలోకి నీళ్లు పాకి వచ్చేటప్పుడు లేచే మట్టివాసన ఒక్కసారి ముక్కుకు తగిలినట్టయింది.

"అజ్మతున్నీసాకు కోపం బావి మీద కాదు, నా మీద," అంది నాగమణమ్మ. "వంతు నీళ్లు గద. నా మడి తడిసినంక చెప్పి పంపాలె. ఒక ఎండకాలం పంపలే. ఇంకో తడి నేనే పెట్టుకున్న. దాని మిరపతోట మాడిపోయింది. ఇద్దరం పట్నమొచ్చి ఎదురెదురుంగనే ఉన్నం గని, అప్పటిసంది మాటల్లేవు." అంతలోనే నవ్వింది. "అంతకుముందు ఎట్లుండె! వంతు వచ్చిందని పిలుపు ఇనవడితే చాలు, ముందట అన్నమున్నా ఆగకపోయేది. చెప్పులు చేతవట్టుకొని ఉరికొచ్చేది."

"నువ్వే పోయి అడుగరాదే," అన్నాడు పురుషోత్తం.

"ఏం మొఖం పెట్టుకొని పోవాల్రా? ఈ పిల్లను పంపు. పిల్లనైతే తిట్టది."

వివేక్ మాటలు నేర్పాడు. "'సుస్థిర వ్యవసాయ గ్రామానికి ఉమ్మడి నీటివనరు అవసరం' అను. గంతే."

అనూహ్య అదే గొణుక్కుంటూ గల్లీ దాటింది. తలుపు తట్టింది. అజ్మతున్నీసా బియ్యం చాటతోనే వచ్చి తలుపు తీసింది.

"మణెమ్మ మనవరాలివా? ఆ ఇంజినీరుకు చెప్పిన గద. మళ్ల ఏంది?"

'సుస్థిర' దగ్గరే నాలుక మడతపడింది. మిగతాదంతా ఎగిరిపోయింది. ఇంకొకరింటికి కబురు మోసుకుపోవడమంటే ఆమెకు అలవాటైన మాట ఒక్కటే. ఊళ్లో పొలం నుంచి పంపితే ఏ పిల్లయినా పరుగెత్తి చెప్పొచ్చే మాట. తల వంచుకుని అదే అనేసింది.

"మా నానమ్మ మడి తడిసింది. వంతు మీదే. నీళ్లు మలుపుకొమ్మన్నది."

అజ్మతున్నీసా చాట కింద పెట్టింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"గిప్పుడా చెప్పి పంపేది," అని గొణిగింది.

తప్పు మాట అన్నానని అనూహ్యకు అప్పుడు అర్థమైంది. భయంతో కళ్లు గట్టిగా మూసుకుంది. ధడేలున తలుపు పడింది. ఇక ప్లాట్లే అనుకుంది.

కళ్లు తెరిచేసరికి, మూసిన తలుపుకు ఇవతలే, చెప్పులు చేతపట్టుకుని అజ్మతున్నీసా నిలబడి ఉంది.