గోడవైపు కుర్చీ

"తెరుచుకుందమ్మా!" అంది కూతురు. "కొత్త కంప్యూటర్ చిప్‌కి ఈ పాత ఆట భాష రాదు. మధ్యలో దుబాసీ లాంటి ప్రోగ్రాం ఒకటి పెట్టాను."

పాత కంప్యూటర్ పాడైనప్పుడు సగంలో ఆగిపోయిన యుద్ధం తెర మీద ప్రత్యక్షమైంది. భార్యాభర్తలవి మిత్రరాజ్యాలు, కంప్యూటర్ నడిపే ఎర్రసేన శత్రువు. మిత్రులమైనా ఎవరి గుట్టు వారిదేననీ, ఒకరు ఆడుతుంటే రెండోవారు తెర చూడకూడదనీ నియమం పెట్టింది ఆయనే. ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఆమె బుద్ధిగా కుర్చీ గోడవైపు తిప్పుకునేది.

ఆట ఆయన వంతు దగ్గరే ఆగి ఉంది; ఆయన రాజ్యం గుట్టంతా తెర మీద కనిపిస్తోంది.

"ఇదేంటమ్మా, నాన్న బళ్లు ఎర్రసేనకి ధాన్యం మోస్తున్నాయి? సంధి కూడా ఉంది. నీ తూర్పు కోట పడిపోకముందు నుంచే!"

ఆ కోట పోయిన రోజు ఆమెకు ముద్ద దిగలేదు. "మాయదారి శత్రువు, మనమేం చేస్తాం" అని ఓదార్చింది ఆయనే.

తల తుడుచుకుంటూ వచ్చిన భర్త తెర చూసి నవ్వేశాడు. "దొరికిపోయానే! ఆటేగా, దానికే ముఖం మాడ్చుకోవాలా?"

"ఆటే. నియమం ఉందనేగా నేను తిరిగి చూడలేదు."

"సరేలే, జరుగు. నా వంతు."

అలవాటుగా కుర్చీ తిప్పబోయి ఆమె ఆగిపోయింది.

"తిరగవేం?"

"మీరు ఆడండి. ఇన్నేళ్లలో ఇంకా ఎక్కడెక్కడ గోడవైపు తిరిగి కూర్చున్నానో గుర్తు చేసుకుంటున్నాను."