గొట్టాల అడుగున ఏడాది

నాన్న యుద్ధానికి వెళ్తూ తన కోసం వదిలి వెళ్ళాడని చెప్పి తల్లి ఇచ్చిన జోడుగొట్టాల తుపాకీ అది. లైసెన్సులో దాని వయసు రాయించాలని రొదియోన్ రష్యాలోని ఇజెవ్స్క్‌లో తుపాకుల మేస్త్రీ దగ్గరకు తెచ్చాడు.

మేస్త్రీ గొట్టాలు ఊడదీసి, అడుగున తుడిచి, భూతద్దం పెట్టాడు.

"మీ నాన్నగారు ఎప్పుడు పోయారన్నారు?"

"నలభై రెండులో."

"ఇక్కడ యాభై ఆరు అని ముద్ర ఉందండీ."

"ముద్ర తప్పు పడిందేమో!"

"ముద్ర తప్పనుకున్నా, ఈ రకం తయారీ మొదలైందే యాభై నాలుగులో."

రొదియోన్ తిన్నగా ఇంటికెళ్ళి తుపాకీని తల్లి అగ్రఫేనా ముందు పెట్టాడు. "ఇది ఎవరిదమ్మా?"

ఆమె చెక్కుతున్న బంగాళాదుంపను పక్కన పెట్టింది.

"మీ నాన్నదేరా. జర్మన్లకు దొరికాడట. తిరిగొస్తే ద్రోహివని మనవాళ్ళు జైల్లో వేశారట. వదిలాక నీకోసం ఇది కొనుక్కొచ్చాడు."

"నేనెక్కడున్నాను?"

"బళ్ళో."

"మరి ఆయన్ని లోపలికి రమ్మనలేదా?"

"లోపల నిన్ను పెంచిన నాన్న అన్నం తింటున్నాడు. 'మా ఆయన యుద్ధంలో పోయాడండీ, మీరెవరో నాకు తెలీదు' అని తలుపేసుకున్నాను. తుపాకీ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు."