నూనె రాసిన బోర్డు

రాజపాళయంలో సముద్రం లేదు.

అయినా ఆ తమిళనాటి ఊళ్ళో, మిల్లు రఘురామరాజు గారింట్లో అలల మీద ఎక్కే సర్ఫ్‌బోర్డు ఒకటుంది. మిల్లులో నేసిన కట్టు గుడ్డ చుట్టి, కాలు విరిగిన మనిషిలా హాల్లో మూలకు ఆనించి పెట్టారు.

దాన్ని అమ్మేస్తానని రాజుగారి కూతురు దర్శిని, మణప్పాడు సముద్రం ఒడ్డున తీసిన ఫోటోతో ఫోన్‌లో ప్రకటన పెట్టింది.

పెట్టక ఏం చేస్తుంది? సెలవు దొరికితే చాలు, మణప్పాడుకు పోవడం, అలల్లో పడడం, ముక్కు నిండా ఉప్పునీళ్ళతో తిరిగి రావడం. ఎవరినీ అడగదు. వీడియోలు చూసి తానే నేర్చుకోవాలని పంతం. ఇంతవరకు ఒక్కసారైనా నిలబడితే ఒట్టు!

బోర్డు పోతే సముద్రమూ పోతుంది. ఆ సంగతి దర్శినికి తెలుసు. అందుకే ప్రకటన పెట్టి కూడా, ఎవరూ రాకూడదని లోపల్లోపల మొక్కుకుంటోంది.

వచ్చింది ఒకామె. నలభై దాటి ఉంటాయి. కుడి మోకాలు సరిగా వంగడం లేదు.

"తళవాయిపురం నుంచి వస్తా ఉండాను. నా పేరు సెల్వి. బోర్డు చూడొచ్చా పాపా?"

"రండక్కా. మీ పిల్లలకా?"

సెల్వి నవ్వి మూల వైపు నడిచింది.

దర్శిని గుడ్డ విప్పింది. బోర్డు తళతళ మెరిసింది. మొన మీద మూడు విభూతి పట్టెలు, నడుమ కుంకుమ బొట్టు.

"ఆయుధ పూజకు మా అవ్వ పెట్టింది. మిల్లు మిషన్లకు పెట్టినట్టే" అంది సిగ్గుపడుతూ.

సెల్వి బోర్డు అంచును పొడుగునా వేళ్ళతో తడిమింది. తడుముతూనే ఉంది. ఈమెకు ఇదేం పిచ్చి అనుకుంది దర్శిని.

"ముందర ఇంత మొనగా ఎందుకుంది పాపా?"

అడగడమే తడవు! ఈ విషయం దొరికితే దర్శినికి అన్నం కూడా అక్కర్లేదు.

"ఇది షార్ట్‌బోర్డు అక్కా. పొట్టిది, పలచనిది. నిటారుగా లేచే అలకు సరిపోతుంది. సర్రున తిరుగుతుంది. వేగం లేకపోతే మాత్రం మనిషిని మొయ్యదు, మునుగుతుంది."

"అన్నీ ఇట్లే ఉంటాయా?"

"లేదు. ఫిష్ అని ఒకటుంది. అదీ పొట్టిదే, కానీ వెడల్పు. వెనకాల చేప తోక మాదిరి చీలి ఉంటుంది. చిన్న అలలోనూ పరిగెత్తుతుంది. ఇంక లాంగ్‌బోర్డు. మనిషికన్నా పొడుగు. ముక్కు గుండ్రం, మందం ఎక్కువ. తిప్పను కష్టమే గానీ, అల దూరంగా ఉండంగానే పట్టుకొంటుంది. అంతగా ఊగదు."

"అంటే ఇది వేట కుక్క. అది దున్నపోతు."

దర్శిని పకపకా నవ్వింది. "బాగా చెప్తిరి!"

"కొత్తగా నేర్చుకొనేవాళ్ళకు ఏది మంచిది?"

"దున్నపోతే అక్కా, అందులో..."

దర్శిని తన బోర్డు వైపు చూసుకుంది.

"మరి నువ్వు వేట కుక్కను ఎందుకు కొంటివి?"

"చూడను బాగుండింది" అంది దర్శిని, గొంతు తగ్గించి.

సెల్వి నవ్వుతూ బోర్డు నడుమ అరచెయ్యి ఆనించింది. చెయ్యి సర్రున జారింది.

"దీనికి ఏం రాసినారు?"

వంటింట్లోంచి అమ్మణి అవ్వ గర్వంగా జవాబిచ్చింది. "టెంకాయ నూనె! సెకండ్ హాండ్‌ది కదా, పైన అంతా గరుకు గరుకుగా మురికి. వేడినీళ్ళు పోసి గోకి తీసినాను. పాప పోయినప్పుడల్లా నూనె రాసే పంపిస్తాను."

"అవ్వా!" దర్శిని తల పట్టుకుంది. "అది మురికి కాదే! కాలు జారకుండా పూసే మైనం! నీళ్ళలో అందరూ జారతారనుకొన్నానే!"

"బాగుంది! నువ్వు పడింది కూడా నా నెత్తినేనా?"

దర్శిని మొహం మతాబులా వెలిగింది. తప్పు తనది కాదు, నూనెది! దున్నపోతు సంగతి అప్పుడే మరిచిపోయింది.

"అక్కా, ఏమీ అనుకోవద్దు. నేను దీన్ని అమ్మను."

"పాపా, నేనొక మాట..."

"ఎంతిచ్చినా అమ్మనక్కా. ఇది నాది."

సెల్వి బోర్డు మీది నుంచి చెయ్యి తీసింది.

"సరి, నీదే" అంది. "సముద్రాన్ని మాత్రం విడవద్దు."

అవ్వ కాఫీ తెచ్చేసరికి ఆమె లేదు. కిటికీ గట్టు మీద మైనం బిళ్ళ ఒకటి ఉంది. బోర్డుకు పూసే మైనమే.

ఈమె సంచిలో ఇదెందుకుంది? దర్శిని వీధిలోకి పరిగెత్తింది. బస్సు అప్పటికే మలుపు తిరిగింది.

తరువాతి ఆదివారం మణప్పాడులో కాలు జారలేదు. కానీ బోర్డు మునిగింది. మళ్ళీ మళ్ళీ మునిగింది.

ఒడ్డున బోర్డులు అద్దెకిచ్చే సెంథిల్‌కుమార్, పాతబడి పసుపు తిరిగిన పొడుగు బోర్డు ఒకటి మోసుకొచ్చాడు.

"రాజపాళయం పాప మీరే కదా? ఇది మీకనే పెట్టి పోయినారు. ఎక్కండి."

ఎక్కింది. అల వెనకనుంచి మెల్లగా ఎత్తింది. లేచింది. నిలబడింది! ఒడ్డు చేరేదాకా ఏడుస్తూ, నవ్వుతూ నిలబడే ఉంది.

"ఈ బోర్డు ఎవరిది అన్నా?"

"సెల్వి అక్కది. ఇంక ఆమె అల ఎక్కదంట. మొన్నే మలేసియాలో తమ్ముడి దగ్గరికి పోయింది."

"ఎందుకు ఎక్కదు?"

"మోకాలు విరిగి పడుకొన్నప్పుడు, ఇంట్లోవాళ్ళు ఆమె పందేల బోర్డు అమ్మేసినారు. తన చేత్తో చెక్కుకొన్నది. అది దొరికితేనే మళ్ళీ నీళ్ళలో దిగేది అని ఇన్నాళ్ళు వెతికింది. పోయిన వారం దొరికిందని పోయి, ఉత్త చేతుల్తో వచ్చింది. అక్కడొక బిడ్డ దాన్ని విడవలేకుండా ఉంది, అడగను నోరు రాలేదు అన్నింది."

దర్శిని వెనక్కి తిరిగింది. ఇసుకలో తన మొన బోర్డు ఉంది. విభూతి పట్టెలు చెరిగిపోయాయి.

ఆ రోజు సెల్వి వేళ్ళు అంతసేపు తడిమింది, తాము చెక్కిన అంచునే.