చందా లేని బాక్సు

"రికార్డింగు కావాలా, వద్దా? ముందది తేల్చుకో నెవిల్" అన్నాడు ట్రెవర్, బల్ల మీద రెండు బాక్సులు పక్కపక్కన పెట్టి.

నెవిల్ రెంటినీ చూశాడు. దేన్నీ ముట్టుకోలేదు.

ఇంగ్లండులోని మోర్‌కామ్ ఊళ్లో డిష్‌లు బిగించే దుకాణం ఇప్పుడు ట్రెవర్‌ది ఒక్కటే మిగిలింది. నెలనెలా చందా గుంజే కంపెనీని వదిలించుకుని, ఏమీ కట్టక్కర్లేని శాటిలైట్ టీవీకి మారదామని నెవిల్ భార్య గ్లెనిస్ వేసవి నుంచీ పోరుతోంది. గోదాములో నెవిల్‌కి పని గంటలు తగ్గించారు. ఇంట్లో హీటర్ వెయ్యాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నారు. ఇవాళ వానలోనే అతన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"డిష్ పాతదే ఉంటుంది. బాక్సొక్కటే మారుస్తా. కంపెనీవాళ్లకి ఫోన్ చేసి ఇక చాలు బాబూ అని చెప్పెయ్" అన్నాడు ట్రెవర్.

"చందా ఆపితే పాత బాక్సు రికార్డు చెయ్యదా?"

"చెయ్యదు. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోడానికి పనికొస్తుంది."

నెవిల్ నవ్వలేదు. "ఫోన్‌లోంచి రికార్డింగు పెట్టే బాక్సు ఉందా? అంటే... ఎక్కడో దూరంగా ఉన్నవాళ్లు పెట్టేలాగ?"

"ఉంది. కాకపోతే ఖాతా కొత్తది తెరవాలి. పాత పాస్‌వర్డు పనికిరాదు. కొత్తదేదో వాళ్లకి చెప్పేస్తే సరి."

"ఎక్కడున్నారని చెప్పను?" అన్నాడు నెవిల్.

ట్రెవర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. నాలిక కరుచుకున్నాడు. ఊరందరికీ తెలిసిన సంగతే. కిందటేడు ఈ రోజుల్లోనే వీళ్లమ్మాయి టామ్సిన్ తండ్రితో మాటామాటా అనుకుని ఇల్లు వదిలి వెళ్లిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఫోన్ నంబరు మార్చేసింది. మేజరు, తనిష్టప్రకారం వెళ్లింది, మేమేం చెయ్యగలం అన్నారు పోలీసులు. నెవిల్ తిండి మానేశాడు. పనికి పోవడం మానేశాడు. కిటికీ దగ్గర కూర్చున్న మనిషిని అక్కణ్ణించి లేపడం గ్లెనిస్ వల్ల కాలేదు.

అలాంటప్పుడు ఒక మంగళవారం సాయంత్రం బాక్సు మీద ఎర్ర లైటు దానంతటదే వెలిగింది. కేకుల పోటీ రికార్డవుతోంది. టామ్సిన్ ఒక్క వారం కూడా వదలని కార్యక్రమం అది. కాలేజీ నుంచి వస్తూ బస్సులోంచే ఫోన్‌లో రికార్డింగు పెట్టేసేది.

"బతికుంది గ్లెనిస్! నా తల్లి బతికే ఉంది!" అంటూ నెవిల్ టీవీ ముందు కూలబడి ఏడ్చాడు. ఆ పూట రొట్టె, గుడ్లు కడుపునిండా తిన్నాడు.

అప్పట్నుంచీ మంగళవారాలు ఆ లైటు తప్పలేదు. పోటీ లేని రోజుల్లో ఏదో ఒక పాత సినిమా.

"ఆ బాక్సు తీసేస్తే, పిల్ల తలుపు కొడుతుంటే లోపల గడియ వేసుకున్నట్టే" అన్నాడు నెవిల్.

"ఆ లైటు చూసుకుంటూ అసలు వెతకడమే మానేశావు" అంది గ్లెనిస్. "మాంచెస్టర్‌లో ఇల్లు వదిలొచ్చిన పిల్లలు తలదాచుకునే ఆశ్రయాలున్నాయి, ఒకసారి వెళ్లి అడుగుదాం రమ్మంటే వచ్చావా?"

"దేనికి? క్షేమంగా ఉన్నానని వారం వారం చెబుతూనే ఉందిగా. కోపం తగ్గితే తనే వస్తుంది."

"తగ్గకపోతే?"

ట్రెవర్‌కి మధ్యలో ఉండబట్టలేదు. "పోనిద్దూ గ్లెనిస్. డబ్బు ఇవాళ కాకపోతే రేపొస్తుంది. తల్లివి, నీకు మాత్రం ఆ ఆశ ఉండదా? మరీ అంత రాతిగుండె అయితే ఎలా?"

ఆ మాటకి గ్లెనిస్ మొహం పాలిపోయింది.

నెవిల్ ఆమె కోటు చెయ్యి పట్టుకున్నాడు. "ఈ పోటీ ఫైనల్ దాకా ఆగు. అంతే. తర్వాత నేనే పీకి అవతల పారేస్తా. నీ మీదొట్టు."

వేసవిలోనూ ఇలాగే ఏదో గడువు చెప్పి ఒట్టేశాడు. గ్లెనిస్ ఏదో చెప్పాలని నోరు తెరిచింది. చిన్నపిల్లాడిలా తన వంకే చూస్తున్న ఆ మొహాన్ని చూసింది. చెప్పలేకపోయింది.

"అవి లోపల పెట్టెయ్ ట్రెవర్" అంది.

ఇవాళ మంగళవారం. పోటీ మొదలయ్యేలోపు ఇల్లు చేరాలని నెవిల్ ఒకటే తొందర. వాన ఇంకా వదల్లేదు. బస్సు వస్తోందేమోనని అతను బస్టాపు షెల్టరు బయటికి వెళ్లి తొంగి చూస్తున్నాడు.

అతని వీపు ఇటు తిరగగానే గ్లెనిస్ చేతిసంచిలోంచి ఫోన్ తీసి, కూతురి పాస్‌వర్డు కొట్టి, ఏడాదిగా ప్రతి మంగళవారం చేస్తున్నట్టే కేకుల పోటీకి రికార్డు బొత్తాం నొక్కింది.