మాత్ర కోపం

ఇస్త్రీ చేయని చొక్కా తెచ్చి భర్త చేతిలో పెట్టిందామె.

"పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. నాకు ఇస్త్రీ అంటే అసహ్యం. ఎప్పుడైనా అడిగారా?"

లెక్కల మాస్టారు ఆ నలిగిన చొక్కాతోనే బడికి వెళ్ళాడు.

ఆమె తలలోంచి నిమ్మకాయంత గడ్డ తీసి నాలుగు నెలలైంది. ఫిట్స్ రాకుండా పొద్దునొకటి, రాత్రొకటి మాత్ర. "దీనివల్ల కొందరికి మత్తు, కొందరికి పట్టలేని కోపం వస్తాయి. ఏమన్నా మనసులో పెట్టుకోకండి" అని ఇంటికి పంపేటప్పుడే డాక్టరమ్మ చెప్పింది.

మొదట్లో గోడ పట్టుకుని నడిచేది. ఉన్నట్టుండి గిన్నెలు విసిరేది. తర్వాత గిన్నెలు మానేసి మాటలు మొదలుపెట్టింది.

"నలుగురిలో నన్ను తింగరిదానివని ఎన్నిసార్లన్నారు? లెక్కల మాస్టారు కదా, చెప్పండి!"

ఆయన పరీక్ష పేపర్లు ముందేసుకుని దిద్దడం మొదలుపెట్టాడు.

"అత్తయ్యా, టీ బాగాలేకపోతే రేపట్నుంచి మీరే పెట్టుకోండి."

అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "నోట్లో నాలుక లేని పిల్ల! ఆ పాడు మందు ఎలా మాట్లాడిస్తోందో చూడరా" అని కొడుకు దగ్గర కళ్ళు తుడుచుకుంది. తెల్లారి టీ తనే పెట్టుకుంది.

మందుతో వాదించేదేముంది? మాస్టారు ఇల్లు ఊడ్చాడు. గిన్నెలు తోమాడు. చొక్కాలు కాల్చుకుంటూ ఇస్త్రీ నేర్చుకున్నాడు. ఒకరోజు నల్లబల్ల మీద సగం లెక్క వేసి, కుర్చీలో కూలబడి నిద్రపోయాడు. గంట కొట్టేదాకా పిల్లలు లేపలేదు.

పోయిన రెండుసార్లూ ఆమె తన చెల్లెల్ని తోడు తీసుకుని ఆసుపత్రికి వచ్చింది. ఈసారి మాస్టారే సెలవు పెట్టి వెంట వచ్చాడు. నర్సు ఆమెను బరువు చూడ్డానికి తీసుకెళ్ళగానే ఆయన డాక్టరమ్మ దగ్గరికి జరిగాడు.

"నావల్ల కావడం లేదమ్మా. ఆ మాత్ర మార్చండి. మా ఆవిడ కాదు, ఇంకెవరో మా ఇంట్లో ఉంటున్నట్టుంది."

డాక్టరమ్మ ఫైలు తిరగేసింది. మళ్ళీ మొదటికి వచ్చింది. కళ్ళజోడు తీసి ఆయన వైపు చూసింది.

"దాన్ని మార్చేసి మూడు నెలలైందండీ; కోపం పూర్తిగా పోయిందని పోయిన నెల ఆవిడే సంతోషంగా చెప్పారే!"