కొత్త మోటారు

ఫిబ్రవరి 11, ఆదివారం. లేవగానే మొదటి ఆశ్చర్యం: అక్క ఇంకా మంచం మీదే ఉంది.

కాలికి కట్టు విప్పినప్పటి నుంచి అక్క రోజూ నాకంటే ముందే లేచేది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నా జీపు రిమోటు పట్టుకుని వరండాలో నడిచేది. రాళ్లెక్కే ఆ బొమ్మ జీపు ముందు పాకుతుంటే, వెనకాల తను అడుగులు వేసేది. నడక మానేస్తే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

కొత్తగా నేర్చుకునేవాళ్ల బండి కదా, నత్తనడక. అందుకే నిన్న సాయంత్రం దానికి కొత్త మోటారు వేసి, ఆ వేగానికి బోల్తా పడకుండా చక్రాలకు ఇత్తడి బరువులు బిగించాను.

"అక్కా, నడవవా?"

"ఓపిక లేదురా."

"కొత్త మోటారు చూడు, లేడిపిల్లలా దూకుతోంది!"

"చూశాలే. నువ్వు గుర్రు పెడుతున్నప్పుడే రెండుసార్లు దాని వెంటపడ్డాను. వెళ్లి గోడకు గుద్దుకుని, 'ఇంకా రాలేదా' అన్నట్టు నిలబడింది. అచ్చం నాన్నలాగే."

నవ్వాను. అక్క నవ్వలేదు.

"నీ పనికి వంక పెట్టట్లేదు, ఇంజనీరూ. ఈ ఇంట్లో నాకంటే నెమ్మదిగా నడిచేది అదొక్కటే ఉండేది. ఇప్పుడు అదీ నన్ను దాటిపోయింది."

గోడవైపు తిరిగి పడుకుంది.

పాత మోటారు స్క్రూల డబ్బాలోనే ఉంది. రేపు తెల్లవారుజామునే, అక్క లేవకముందే, దాన్ని మళ్లీ బిగించాలి. ఇత్తడి బరువులు మాత్రం తీయను. వాటితో బండి ఇంకాస్త నెమ్మదిగా పోతుంది.