పసుపు గీతకి ఇవతల

మా వీధి నడిమధ్యన పసుపు గీత ఉంది. గీతకి అవతలి ఇళ్లు అణు కరెంటు ప్లాంటు పరిధిలోవి. ప్లాంటు పక్కన ఉంటున్నందుకు వాళ్లకి కరెంటు ఉచితం. ఇవతల ఉన్న మేమేమో దాన్ని కట్టిన ఖర్చు నెలనెలా బిల్లులో కడుతున్నాం. కట్టడానికి ఇరవై రెండేళ్లు పట్టింది కదా, ఇంకో నలభై ఏళ్లు మేం కడుతూనే ఉండాలట.

ఎదురింటి నూకరత్నం తలుపులు బార్లా తెరిచి మరీ ఏసీ వేసుకుంటుంది. చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. మా ఇంట్లో ఫ్యాను వేసినా మా ఆయన మీటరు వైపు చూస్తాడు.

నిన్న పొద్దున్న ఆవిడే గుమ్మడి వడియాల పిండి గిన్నెతో వచ్చింది.

"వదినా, మీ డాబా మీద పెట్టుకోనా? గీతకి అవతల ఆరుబయట ఏం ఎండబెట్టినా ప్లాంటు వాళ్లు పరీక్షకని పట్టుకుపోతున్నారు. మెషిన్లో ఎండినవి మా అత్తకి సయించడం లేదు."

"ఖాళీ లేదమ్మా. నావే పెట్టుకున్నాను," అన్నాను.

గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. కాసేపటికి బట్టలు ఆరేద్దామని నేను డాబా ఎక్కితే, నూకరత్నం తన మేడగది అద్దాల వెనక నిలబడి, ఖాళీగా ఉన్న మా డాబానే చూస్తోంది.

గబగబా దిగొచ్చి మినప్పప్పు నానబోశాను. ఇవాళ పొద్దున్నే మా ఆయన గోల పెడుతున్నా వినకుండా గంటసేపు గ్రైండరు తిప్పాను. డాబా నిండా వడియాలు పెట్టి, తలెత్తి ఎదురు కిటికీ వైపు చూశాను.

తెర వేసి ఉంది.

తీస్తుందేమోనని మధ్యాహ్నం దాకా ఆ ఎండలోనే నిలబడ్డాను.